నాయనమ్మ విత్తనపు కాయలూ, నా నలభై ఓములూ

చదువుకున్న నాలుగు ముక్కలతో లోకంలో దేన్నైనా కొలిచి పారేయొచ్చని గట్టిగా నమ్మే వయసొకటి ఉంటుంది. కొందరికది పదో తరగతిలోనే చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. నాకు మాత్రం కాస్త ఆలస్యంగా, గుంటూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు వచ్చి బాగా ముదిరింది. తొంభైల చివరి రోజులవి. సెల్‌ఫోన్లింకా మా ఊళ్ళోకి రాలేదు. కరెంటు వచ్చేది, దానికి బుద్ధి పుట్టినప్పుడు. నాది మాథ్స్, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్. ప్రాక్టికల్స్‌కి తప్పనిసరి అని చెప్పి (అంత తప్పనిసరేమీ కాదు, ల్యాబులో బోలెడు ఉండేవి) నాన్నచేత ఒక మల్టీమీటరు కొనిపించుకున్నాను. ఓల్టేజీ, రెసిస్టెన్సు లాంటివి కొలిచే, అరచేతిలో పట్టే పసుపుపచ్చ డబ్బా, ఎర్ర తీగొకటి, నల్ల తీగొకటి. డాక్టరు మెడలో స్టెతస్కోపులాగా దాన్ని భుజానికి తగిలించుకుని తిరిగేదాన్ని. ఇప్పుడంటే మా పాప ఒళ్ళు కాస్త వెచ్చబడినా థర్మామీటరు చూపించిన అంకెని నమ్మలేక, దులిపి మళ్ళీ పెట్టి, అదీ నమ్మలేక పక్కింటావిడ థర్మామీటరు అడిగి తెచ్చుకునే మనిషినయ్యాను. అప్పుడలా కాదు. ఆ చిన్న తెర మీద ఏ అంకె కనబడితే అదే వేదవాక్కు.

ఆ ఏడు పరీక్షల ముందు చదువుకోమని సెలవులిస్తే ప్రత్తిపాడు అవతల ఉన్న మా ఊరికి వచ్చాను. పుస్తకం తెరిచింది తక్కువ, మీటరు తెరిచింది ఎక్కువ. టార్చిలైటు బ్యాటరీలు, రేడియో, దబ్బకాయ, తడి చేతులు, పొడి చేతులు, దేన్నీ వదల్లేదు. ఒకరోజు అమ్మ చేతి బంగారు గాజుకి రెండు తీగలూ ఆనించి, "సున్నా" అన్నాను. అమ్మ ముఖం పాలిపోయింది. "సున్నా ఏందే? అంటే ఇందులో బంగారం లేదా?" అంది. బంగారమైతే సున్నాయే రావాలని, కరెంటుకి అడ్డం రాదని అర్థమని ఎంత చెప్పినా ఆవిడ మనసు కుదుటపడలేదు. ఆ మధ్యాహ్నమే కంసాలి దగ్గరికెళ్ళి గీటురాయి మీద గీయించుకుని వచ్చింది. "ఆయన బానే ఉందన్నాడు. నీ డబ్బా ఇంకోసారి నా ఒంటిమీద పెట్టావంటే ఊరుకోను" అని చెప్పేసింది.

మా పక్క వాటాలోనే పెదనాన్న ఉండేవాడు. పిల్లలమంతా ఆయన్ని చాటుగా ఓల్టేజీ పెదనాన్న అనేవాళ్ళం. టీవీ పక్కన ఉన్న స్టెబిలైజర్ ముల్లు చూడటం ఆయనకి నిత్యపూజ. సాయంత్రమయ్యేసరికి అరుగు మీదికొచ్చి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "ఇవాళ ఓల్టేజీ బొత్తిగా లేదు" అనో, "పర్లేదు, కాస్త ఎక్కింది" అనో ప్రకటించేవాడు. నా చేతిలో మల్టీమీటరు చూసిన రోజున ఆయన కళ్ళల్లో కనబడిన మెరుపు, తర్వాత నా డిగ్రీ పట్టా చూసినప్పుడు కూడా కనబడలేదు. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "ఏమే ఫిజిక్సూ" అనడం మొదలుపెట్టాడు.

ఇక అసలు కథ నాయనమ్మది. ఆవిడకి ప్యాకెట్లలో వచ్చే మిరప విత్తనాలంటే గిట్టదు. "ప్యాకెట్లో ఏముందో పొలంలో వేసిందాకా తెలవదు. నా కాయలో ఏముందో నాకు తెలుసు" అనేది. ప్రతి ఏడూ రెండో కోతప్పుడు తనే చేలోకి దిగి, తెగులు లేని చెట్లు చూసి, పొడుగ్గా, ముదురెరుపుగా ఉన్న కాయలు ఏరి పక్కన పెట్టేది. వాటిని కళ్ళంలో మిగతా కాయలతో కలవనిచ్చేది కాదు. మా మేడ మీద చాపలు పరిచి, విడిగా, తన కళ్ళముందే ఎండబెట్టేది. ఆ విత్తనం మా ఒక్క పొలానికే కాదు, మా వీధిలో సగం ఇళ్ళ పొలాలకి వెళ్ళేది. నారు పోసే రోజులొస్తే ఒక్కొక్కరూ వచ్చి, "అత్తా, మాకు కాసిని ఇత్తనాలు" అని చేటలు పట్టుకుని నిలబడేవాళ్ళు. నాయనమ్మ ఆ నాలుగు రోజులూ ఊరి సర్పంచిని కూడా కూర్చోమనకుండా నిలబెట్టే మాట్లాడేది.

ఆ ఏడు నాన్న అమ్మకపు సరుకంతా లారీకెత్తించి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. మేడ మీద మిగిలినవి విత్తనపు కాయలే. మధ్యాహ్నం అందరం భోంచేసి నడుం వాల్చామో లేదో, నడి ఎండాకాలం ముందు ఎవరూ ఎదురుచూడని గాలివాన విరుచుకుపడింది. మేం మెట్లెక్కేసరికి కప్పిన పట్టా గాలికి లేచి ఎదురింటి పిన్ని వాళ్ళ గొడ్లపాక మీద పడి ఉంది. నాయనమ్మ చీరకొంగు పరిచి కాయల మీద బోర్లా పడుకోబోయింది. అమ్మా నేనూ ఆవిణ్ణి లేపి, తడిసిన కాయల్ని గంపలకెత్తి కిందికి దించాం. వాన ఆగింది గానీ మబ్బు కదల్లేదు. ముసురు పట్టుకుంది.

తడిసిన మిరపకాయ ఎండ లేకుండా ఉంటే ఏమవుతుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు మెత్తబడుతుంది, తర్వాత తొడిమ దగ్గర తెల్లగా బూజు లేస్తుంది, ఆపైన లోపలి గింజ నల్లబడి చస్తుంది. కూరలోకి వాడుకునే కాయైతే తాలు కాయని తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇవి విత్తనాలు. పాతవి నిరుడే అందరికీ పంచేసింది. ఈ గంపలు పోతే నాయనమ్మ విత్తనం ఆ ఏటితో ఆఖరు. ఆవిడ కాయల్ని వరండాలో పరిచి ఫ్యాను వేయించింది. ఫ్యాను తిరుగుతూ ఉందా, తిరగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉందా తెలియడం లేదు. "పొయ్యి మీద పెనమేసి ఆరబెడదామా అత్తయ్యా?" అని అమ్మ అడిగితే, "పొయ్యి సెగ తగిలితే ఇత్తు చచ్చిపోద్దే. పైపైన వెచ్చగా ఉండాల, ఎండ తగిలినట్టు" అని తల పట్టుకు కూర్చుంది.

ఎండ తగిలినట్టు వెచ్చగా. ఆ మాట వినగానే నాకు కర్తవ్యం బోధపడింది. వరండాలో ఉన్న వంద వాట్ల బల్బు విప్పి, దాని కింద ఉన్న రెండు చుక్కలకి మీటరు తీగలు ఆనించాను. నలభై ఓములు, అంటే లోపలి తీగ కరెంటుకి పెట్టే అడ్డు, రెసిస్టెన్సు. గోడమీది క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు లెక్కేశాను. ఓల్టేజీని ఓల్టేజీతో గుణించి రెసిస్టెన్సుతో భాగిస్తే పవరు. రెండొందల ముప్పైని రెండొందల ముప్పైతో గుణించి, నలభైతో భాగించాను. పదమూడొందల ఇరవై రెండు వాట్లు!

పెదనాన్న భుజం మీదుగా తొంగి చూశాడు. "బల్బు మీద వందని అచ్చేసి ఉంటే పదమూడొందలంటావేందే ఫిజిక్సూ?"

ఇక్కడ ఇంకొకరైతే ఆగి ఆలోచించేవాళ్ళు. నేను ఆగలేదు. "అది వెలుగు లెక్క పెదనాన్నా. బల్బులోకెళ్ళే కరెంటులో వెలుగయ్యేది కొంచెమే, మిగతాదంతా వేడేనని మా సారు చెప్పారు. వంద వెలుగు, మిగతా పన్నెండొందలూ వేడి. ముట్టుకుని చూడు, కాలుతుందా లేదా?"

"కాలుద్ది."

"మరి?"

"మరే!" అన్నాడు పెదనాన్న, ఏళ్ళ తరబడి వేధిస్తున్న సందేహమేదో తీరినట్టు. "అందుకేనే మన మీటరు అట్టా గిర్రున తిరుగుద్ది. కంపెనీవాడు అసలు సంగతి దాచిపెట్టాడన్న మాట."

రెండు బల్బులు చాలునని తేల్చాను. సామాన్ల గదిలో కాయల్ని నాలుగు తట్టల్లో పరిచి, పైన రెండు బల్బులు వేలాడదీసి, వేడి బయటికి పోకుండా కిటికీ మూసి, తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కితే రేపు సాయంత్రానికి కాయలు గలగలలాడతాయి. (ఎండిన మిరపకాయని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు మోగాలి. మా వైపు ఎంత పెద్ద వ్యాపారైనా కొనేముందు ఊపి వింటాడు.) నాయనమ్మ అంతా విని, "పదమూడొందలంటే ఎంతే?" అంది. "మన ఇస్త్రీ పెట్టెకి దాదాపు రెట్టింపు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓసి నీ చదువు బంగారంగానూ! ఇస్త్రీ పెట్టెలు పెట్టి నా ఇత్తు మాడుస్తావంటే? పైకి కట్టండి, ఇంకా పైకి!" అని మమ్మల్ని నిచ్చెనెక్కించి, బల్బుల్ని దూలాల దాకా లాగించి కట్టించింది. అలా మేం ఆ రెండు బల్బులతో కాయలకంటే ఎక్కువగా దూలాల్నే ఆరబెట్టాం.

మర్నాడు తలుపు తీసేసరికి లోపల్నుంచి తడి గోనెసంచి వాసన కొట్టింది. కిటికీ అద్దం మీద చెమట పట్టింది. నాయనమ్మ ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. ఏ చప్పుడూ లేదు. ఇంకోటి తీసింది. దాన్ని ఊపనైనా లేదు, తొడిమని వెలుతురు వైపు తిప్పి చూసింది. సన్నగా, పాలమీగడ అంటుకున్నట్టు తెల్లటి చార. ఆవిడ తట్ట ముందు కూర్చుని బూజు పట్టిన కాయల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. అమ్మ పిలిచినా కాఫీకి లేవలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే లెక్క తేలదు కాబట్టి పెదనాన్న దగ్గరికెళ్ళాను. ఆయన దగ్గర తీసేసిన పాత మోటారు బోర్డు ఒకటి ఉండేది, దాని మీద గుండ్రటి ఆంపియర్ల మీటరు. "అది కావాలి పెదనాన్నా, బల్బుల్లోకి కరెంటు ఎంత వెళ్తుందో చూడాలి" అన్నాను. ఆయన బోర్డు మొత్తం భుజానికెత్తుకుని వచ్చాడు. మెయిన్ ఆపించి, అందర్నీ చెప్పులు వేసుకోమన్నాను. (నాయనమ్మ ఇంట్లో చెప్పులేమిటని ఒప్పుకోలేదు. ముక్కాలిపీట ఎక్కి నిలబడింది.) మీటరుని బల్బుల తీగ మధ్యలో కలిపాను. నా లెక్క నిజమైతే రెండు బల్బులకి ముల్లు పదకొండు దాటి నిలబడాలి. మెయిన్ వేశాం. బల్బులు వెలిగాయి. ముల్లు కదల్లేదు. వేలితో తట్టాను. ఒక్కసారి ఉలిక్కిపడినట్టు ఊగి, మళ్ళీ సున్నాని ఆనుకుని కూర్చుంది.

"ముల్లు చచ్చిందే" అన్నాడు పెదనాన్న.

"అత్తయ్యా, మీరు పీట దిగకండి" అంది అమ్మ.

బల్బులు తీసేసి ఇస్త్రీ పెట్టె కలిపి చూశాను. ముల్లు టక్కున లేచి మూడు దాకా వెళ్ళింది. అంటే మీటరు బతికే ఉంది. ఇస్త్రీ పెట్టెకి లేచిన ముల్లు, ఇస్త్రీ పెట్టెకి రెట్టింపని నేను ప్రకటించిన బల్బులకి లేవలేదు. అప్పుడు, ఆ సామాన్ల గదిలో, ఒక చెప్పు నాదీ ఒక చెప్పు అమ్మదీ వేసుకుని నిలబడి ఉండగా, నాకు అర్ధసంవత్సరం పరీక్షలో నేనే రాసిన జవాబు గుర్తొచ్చింది. లోహపు తీగ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్సు పెరుగును. బొమ్మ వేసి, గ్రాఫు గీసి, కింద రెండు గీతలు కొట్టి మరీ రాశాను. పూర్తి మార్కులు వేశారు. కానీ బల్బు లోపలిది కూడా లోహపు తీగేనని, వెలిగేటప్పుడు అది తెల్లగా కాలిపోతూ ఉంటుందని ఆ ప్రశ్నలో లేదు, అందుకని నా జవాబులోనూ లేదు. నేను కొలిచింది నిద్రపోతున్న బల్బుని. నలభై ఓములు నిద్రలో ఉన్న బల్బువి. మేలుకున్నాక అది వేరే మనిషి.

వెలుగుతున్న బల్బుకి ఓములు నేరుగా కొలవకూడదు, మీటరు కాలిపోతుంది. ఓల్టేజీ చూడాలి, ఆంపియర్లు చూడాలి, దాన్ని దీనితో భాగించుకోవాలి. రెండు బల్బులకి ముల్లు లేవడం లేదు కాబట్టి ఇంకా చాలా బల్బులు కావాలి. ఎలాగూ కాయలకీ చాలా బల్బులే కావాలి. మా ఇంటి ఫ్యూజు ఐదు ఆంపియర్లది. టీవీ, ఫ్యాను, ఇస్త్రీ అన్నీ ఆపేస్తే మా ఊరి ఓల్టేజీకి ఒక డజను బల్బుల దాకా పట్టొచ్చని లెక్క తేలింది. "ఈ లెక్క నిన్నటి లెక్కలాంటిదా, వేరేనా?" అని అడిగింది అమ్మ. "వేరే" అన్నాను, నేల చూపులు చూస్తూ.

మా ఇంట్లో అన్నీ విప్పినా సగం కూడా కాలేదు. వీధిలో అడగాలంటే అమ్మకి నామోషీ. "పెళ్ళికి గిన్నెలడుగుతారు, చావుకి బల్లలడుగుతారు, బల్బులడగడమేందే?" అంది. ఆవిడ ఇంకా నామోషీపడుతుండగానే పెదనాన్న అరుగు మీదికెళ్ళి వీధంతా వినపడేట్టు కేకేశాడు: "ఒరేయ్, మా అమ్మ ఇత్తనపు కాయ తడిసిపోయిందిరా! ఇంటికో వంద బల్బు కావాల! మా ఫిజిక్సు ఆరబెట్టిద్ది!" 'ఫిజిక్సు' అన్న మాటకి నాకు గోడలోకి దూరిపోవాలనిపించింది. ముందుగా ఎదురింటి పిన్ని వచ్చింది, చెంగులో బల్బు చుట్టుకుని. "ఇదిగోనమ్మా మా వరండాది. ఇయాల చీకట్లో కూర్చుంటాంలే. దోమలక్కూడా కనపడం, అదో సుఖం" అంది. ఆవిడ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే బెంగ, తమ బల్బు మళ్ళీ తమకే వస్తుందా అని. గిన్నెలకైతే పేర్లు చెక్కించి ఉంటాయి. బల్బు మీద ఎక్కడ చెక్కిస్తారు? ఒకరు ఇత్తడి మూతకి ఎర్రదారం చుట్టారు. ఒకరు పసుపు బొట్టు పెట్టారు. పిన్ని వాళ్ళమ్మాయి గోళ్ళరంగుతో ఇంటి పేరు రాసి పెట్టింది.

తట్టల మీదికి, నాయనమ్మ మోచెయ్యి పట్టేటంత ఎత్తులో, వరసగా హోల్డర్లు కట్టి అన్ని బల్బులూ బిగించాను. వీధి వీధంతా గుమ్మంలో ఉంది. నేను గంభీరంగా స్విచ్చి వేశాను. ఒక్క మెరుపు, టప్పుమని చప్పుడు, ఇల్లంతా చీకటి. ఫ్యూజు పోయింది.

"అయిపోయిందా?" అంది పిన్ని, ఇంతేనా అన్నట్టు.

పెదనాన్న చొక్కా జేబులోంచి అప్పటికే రాగి తీగ తీశాడు. "ఇది నాలుగు పేటలేసి కట్టామంటే జన్మలో పోదు." వద్దని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఫ్యూజు పోవడం మంచిదే, పోకపోతే గోడలో తీగ కాలుతుందని బతిమాలాను. ఆయన తీగని జేబులో పెట్టుకున్నాడు గానీ చెయ్యి మాత్రం దానిమీదే ఉంచాడు. నేను మళ్ళీ కాగితం తీశాను. వెలుగుతున్న డజను బల్బులకి ఐదు ఆంపియర్లు చాలాలి. మరి ఎందుకు పోయింది? తలుపు వారగా కూర్చుని పెన్సిలు కొరుకుతుంటే, నిన్నటి నలభై ఓములు మళ్ళీ ఎదురొచ్చి నిలబడ్డాయి. అవి అబద్ధం కాదు. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ప్రతి బల్బూ చల్లగానే ఉంటుంది, నలభై ఓముల్లోనే ఉంటుంది. ఒక్కొక్కటీ ఆ ఒక్క క్షణం నాలుగు ఆంపియర్ల పైనే మింగుతుంది. అన్నీ ఒక్కసారి మింగితే పాపం ఆ సన్న తీగ ఏం చేస్తుంది? కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి నిద్రలేపాలి.

స్విచ్చి ఒకటే ఉంది కాబట్టి బల్బులన్నీ హోల్డర్లలోంచి విప్పేసి, ఫ్యూజుకి మళ్ళీ సన్న తీగే కట్టి, గుడ్డ పట్టుకుని ఒక్కోటే బిగించడం మొదలుపెట్టాను. నాలుగోదానికి వచ్చేసరికి పిన్ని, "ఉండమ్మా, మాది నేను బిగిస్తా, మాది కొంచెం సున్నితం" అని చెప్పులు వేసుకుని లోపలికొచ్చేసింది. ఇక ఆపడం నా వల్ల కాలేదు. ఎవరి బల్బు వాళ్ళే, గుడ్డ చేతులు మార్చుకుంటూ, వరసలో నిలబడి బిగించారు. ఏ సభలోనో అతిథులు ఒక్కొక్కరుగా వచ్చి దీపం వెలిగిస్తారే, అలా ఉంది చూడటానికి. ఒక్కో బల్బు వెలిగినప్పుడల్లా ఆంపియర్ల ముల్లు కొంచెం కొంచెం పైకి జరిగింది. ఆఖరి బల్బు పక్కింటివాళ్ళది, పసుపు బొట్టుది. అదీ వెలిగింది. ఫ్యూజు నిలబడింది. ముల్లు నాలుగున్నర దాటి ఆగింది.

"ఓల్టేజీ రెండొందలకి తగ్గదు, రాసుకో" అన్నాడు పెదనాన్న. మల్టీమీటరు పెట్టి చూస్తే నూట ఎనభై. ఆయన కాసేపు నొచ్చుకున్నాడు. నేను గోడ మీదే లెక్కేశాను. నాలుగున్నర పైచిలుకుని డజనుతో భాగిస్తే ఒక్కో బల్బుకి ఆంపియరులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ. నూట ఎనభైని దానితో భాగిస్తే నాలుగొందల డెబ్బై ఓములు. రెండూ గుణిస్తే డెబ్బై వాట్లకి ఒకటి తక్కువ. పదమూడొందలు కాదు, వంద కూడా కాదు. "అంటే కంపెనీవాడు నిజంగానే మోసం చేశాడు గదా, వందని రాసి డెబ్బై ఇత్తాడా?" అని పెదనాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. తప్పు బల్బుది కాదు, మన ఓల్టేజీదని చెప్పాక గానీ ఆయన ముఖం వికసించలేదు. తన ఓల్టేజీకి ఇంత ప్రాధాన్యం ఉందని ఎవరో లెక్కతో చూపించడం ఆయనకి అదే మొదలు.

తలుపు మూశాం. వేడి బయటికి పోకూడదని కిటికీ కూడా మూసే ఉంచాను. కాసేపటికి గదిలో ఎండాకాలం మొదలైంది. దాంతోపాటు ఇంకోటి కూడా మొదలైంది. వేడెక్కిన కొద్దీ కాయల్లోంచి ఘాటు లేచింది. ముందు అమ్మ తుమ్మింది. తర్వాత నేను. గుమ్మం దగ్గర తమ బల్బులకి కాపలాగా కూర్చున్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు, బల్బులు వెలిగిన వరసలోనే, తుమ్మడం మొదలుపెట్టారు. పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆరబెట్టేది కాయల్నా, మమ్మల్నా?" అని దగ్గుతూ నవ్వుతూ వీధిలోకి పరిగెత్తింది. పెదనాన్న తుమ్ము తుమ్ముకీ మధ్య "కిటికీ... కిటికీ..." అని అరిచాడు. వేడి పోతుందని నేను అడ్డం పడబోయాను గానీ నాకే ఊపిరాడక, నా చేత్తోనే కిటికీ రెక్కలు రెండూ తోసేశాను. కిటికీలోంచి వెచ్చటి, తడి గాలి బుస్సుమని బయటికొచ్చింది. అంటే నిన్నటినుంచీ కాయల్లోంచి వచ్చిన తడి బయటికి పోయే దారి లేక గదిలోనే తిరిగి తిరిగి మళ్ళీ కాయల్నే పట్టుకుంది. దాన్ని బయటికి పంపాలని నా ఏ లెక్కలోనూ లేదు. మా ముక్కులు చెప్పాయి.

ఆ తర్వాత ముసురు తగ్గేదాకా ఆ గది అలాగే నడిచింది. కరెంటు పోవడం, బల్బులన్నీ విప్పేయడం, మళ్ళీ కరెంటు రావడం, వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తుమ్ముతూ లోపలికెళ్ళి బల్బులు ఒక్కోటే బిగించడం. నాయనమ్మ తట్టల దగ్గర్నుంచి కదల్లేదు. మధ్య మధ్య కాయల్ని తిరగేసి, చేత్తో తట్టని తడిమి, మరీ వెచ్చబడినదాన్ని బల్బుకి దూరం జరిపేది. ఒక పూట నేను గుమ్మంలో కునికిపాట్లు పడుతుంటే, "ఇటు రావే" అని పిలిచింది. వెళ్ళాను. ఒక కాయని నా చెవి దగ్గర పెట్టి ఊపింది. గలగల. సన్నగా, పొడిగా, పసిపిల్లల గిలక్కాయ చప్పుడులాగా. ఇంకో కాయ తీసి ఇంకో చెవి దగ్గర ఊపింది. తర్వాత తన చెవి దగ్గర ఊపుకుంది. అప్పుడే మొదటిసారి నవ్వింది. ఎండు మిరపకాయ ఘాటుకి ఇద్దరికీ కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, కాబట్టి ఎవరం ఏడ్చామో ఎవరం ఏడవలేదో చెప్పడం కష్టం.

బల్బులు తిరిగివ్వడం ఒక పెద్ద పంచాయితీ అయింది. ఎర్రదారం మాడి రాలిపోయింది, పసుపు బొట్టు పొగచూరింది, గోళ్ళరంగు పేరు కరిగి గోధుమరంగు మరకైంది. "మాది కొత్తది, ఇది పాతది", "కాదు, మాది ఇంకా బాగా వెలుగుద్ది" అని అరుగు మీద వాదులాడుకున్నారు. నన్ను మల్టీమీటరు పెట్టి తేల్చమన్నారు. నేను ఆ డబ్బాని అల్మారాలో పెట్టి, "అన్నీ ఒకటే పిన్నీ" అన్నాను. ఇచ్చిన ప్రతి బల్బుతో పాటు నాయనమ్మ ఒక గుప్పెడు ఎండు కాయలు కూడా పెట్టింది, దాంతో గొడవ సద్దుమణిగింది. మొలుస్తాయో లేదో మాత్రం నారు పోసేదాకా తెలియదు. బూజు తగిలినా గింజ చస్తుంది, వేడి ఎక్కువైనా చస్తుంది. పైకి ఎర్రగా గలగలలాడే కాయలో లోపల గింజ బతికుందో లేదో ఏ మీటరూ చెప్పదు. పరీక్షలు రాశాను, ఫలితాలొచ్చాయి. వాటికంటే నారుమడి గురించే ఎక్కువ బెంగ పెట్టుకున్నాను.

తొలకరి పడి నార్లు పోశాక ఒక శనివారం హాస్టల్ నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే నాయనమ్మతో బోరు దగ్గరికెళ్ళాను. మడి నిండా పచ్చగా, రెండేసి ఆకులతో మొక్కలు. నా కళ్ళు మాత్రం పచ్చటి చోట ఆగలేదు. మడి ఈ కొసన అరచేతులంత మేర బోడిగా ఉన్న చోట్ల దగ్గర ఆగాయి. ఒకచోట, ఇంకోచోట, అటు పక్కన ఇంకాస్త. మరీ బల్బు కిందున్న తట్టలోవి అయ్యుంటాయి, ఇంకో జానెడు పైకి కట్టాల్సింది, లేదా బల్బులు రెండు తగ్గించాల్సింది, అసలు మొదటిరోజే కిటికీ తీసుంటే... గట్టు మీద కూర్చుని మనసులో మళ్ళీ లెక్క మొదలుపెట్టాను.

"ఏందే అట్టా చూత్తన్నావు?" అంది నాయనమ్మ.

"అక్కడ మొలవలేదు."

ఆవిడ నా గడ్డం పట్టుకుని నా ముఖాన్ని మడి అవతలి వైపుకి తిప్పింది. "ఇటు మొలిచినయి గదంటే. మనకి పోను, వీధికి సరిపోయిద్ది. మొలిచినవాటికి నీళ్ళు పెట్టాల, బోడిదానికి పెడితే ఏం లాభం? లే, లేచి ఆ బిందె అందుకో."

అందుకున్నాను. నీళ్ళు పోస్తూ కూడా ఓరకంట ఆ బోడి చోట్లనే చూశాననుకోండి. ఈ రాత్రి పాప పడుకున్నాక ఇదంతా రాస్తున్నాను. ఇవాళ అది కడుపునిండా తిని, ఇల్లంతా పాకి, నవ్వి నవ్వి అలిసి నిద్రపోయింది. నేను మాత్రం అది ఉమ్మేసిన ఆఖరి ముద్ద గురించే ఇందాకటినుంచి ఆలోచిస్తున్నాను. గట్టు మీద కూర్చుని మొలవని గింజలకి కారణాలు వెతుక్కున్న ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తోంది. వెళ్ళి దాని గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పాలనిపిస్తోంది. అంతదాకా ఎందుకు, పాప ఊపిరి వెచ్చగా, నిలకడగా వినబడుతోంది. లేచి దీపం ఆర్పి, ఆ పచ్చటివైపుకే తిరిగి పడుకుంటాను.